మెటీరియల్ అప్‌లోడ్ అయింది సరే, అందరికీ అందిందా?

ఆన్‌లైన్ కోర్సులు వచ్చాక వికలాంగ విద్యార్థులకి చదువు ఈజీ అయిపోయిందని చాలామంది అనుకుంటారు, అది సగమే నిజం. వీల్‌చెయిర్‌లో ఉన్న స్టూడెంట్‌కి పై అంతస్తులో క్లాసు, లిఫ్టు పనిచేయట్లేదు అనే గొడవ ఉండదు, ఎక్కువసేపు కూర్చోలేనివాళ్ళు పడుకుని లెక్చర్ వినొచ్చు, క్లాసులో ఒక్కసారికి అర్థం కానివాళ్ళు వీడియో ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూడొచ్చు. ఇవి చిన్న విషయాలేం కాదు. కానీ ఇదంతా మెటీరియల్ సరిగ్గా తయారైతేనే. కోర్సు పేజీలో పెట్టిన పీడీఎఫ్‌ని స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్, చదవలేకపోయినా, వీడియోకి క్యాప్షన్లు లేకపోయినా, క్విజ్ మౌస్ లేకుండా కదలకపోయినా ఆ స్టూడెంట్ ఫీజు కట్టి, రిజిస్టర్ అయి, లాగిన్ కూడా అయి, పాఠం దగ్గరికి మాత్రం రాలేడు.

"మా క్లాసులో అలాంటివాళ్ళు ఎవరూ లేరు" అనే మాట తరచూ వినపడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఏదో ఒకటి ఉంది. డిస్‌లెక్సియా (అక్షరాలు చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం), వర్ణాంధత్వం, ఒక చెవి సరిగ్గా వినపడకపోవడం, చేతులు వణకడం, మైగ్రేన్ లాంటివి జూమ్ విండోలో ఎవరికీ కనపడవు. చెప్పుకోవడం ఇష్టం లేక కొందరు, చెప్తే ఏమనుకుంటారో అని కొందరు, సర్టిఫికెట్ల చుట్టూ తిరిగే ఓపిక లేక కొందరు కాలేజీకి చెప్పనే చెప్పరు. అందుకని క్లాసులో ఎవరూ లేరు అనేది లెక్కపెట్టి చెప్పే మాట కాదు, ఊహించి చెప్పే మాట.

అసలు సమస్య ఆలస్యం

చాలా కాలేజీల్లో నడిచే పద్ధతి ఇలా ఉంటుంది. స్టూడెంట్ ముందు వైకల్య సర్టిఫికెట్ ఆఫీసులో ఇవ్వాలి, ఆఫీసు వాళ్ళు లెక్చరర్‌కి మెయిల్ పెడతారు, లెక్చరర్ ఫైళ్ళు వెతికి పంపుతారు, వాటిని ఎవరో కూర్చుని స్క్రీన్ రీడర్‌కి పనికొచ్చేలా మార్చాలి, మార్చాక తిరిగి స్టూడెంట్‌కి చేరాలి. ఇందులో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అందరూ తమ పని తాము చేస్తూనే ఉంటారు, కానీ మిగతా క్లాసంతా మూడో చాప్టర్‌లో ఉన్నప్పుడు ఈ స్టూడెంట్‌కి ఒకటో చాప్టర్ చేతికొస్తుంది. ఈలోపు డిస్కషన్‌లో మాట్లాడాల్సిన వారం దాటిపోతుంది, గ్రూప్ అసైన్‌మెంట్‌లో పక్కవాళ్ళు పని పంచేసుకుంటారు, మొదటి క్విజ్ అయిపోతుంది. బయటినుంచి చూసేవాళ్ళకి ఇది స్టూడెంట్ వెనకబడినట్టు కనపడుతుంది. వెనకబడింది ఫైలు.

యాక్సెసిబిలిటీని, అంటే మెటీరియల్ అందరూ వాడుకోగలిగేలా ఉండటాన్ని, అడిగినవాళ్ళకి అడిగాక చేసే సాయంలా చూసినంతకాలం ఈ ఆలస్యం తప్పదు, ఎంత మంచి మనసున్న స్టాఫ్ ఉన్నా తప్పదు, ఎందుకంటే ఆ పద్ధతిలోనే ఆలస్యం ఉంది. తయారుచేసే రోజే సరిగ్గా చేసిన ఫైలుకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అయినా కొందరికి విడిగా కావాల్సినవి ఉంటాయి, బ్రెయిల్ ప్రింట్, సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్, పరీక్షలో ఎక్స్‌ట్రా టైమ్ లాంటివి, అవి అడిగితేనే ఏర్పాటు చేయగలం. కానీ మామూలు నోట్సు, మామూలు స్లైడ్లు, మామూలు వీడియో ఆ లిస్టులో ఉండకూడదు.

స్క్రీన్ రీడర్‌కి ఏం వినపడుతుంది

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా చాలా విషయాలు ఇది అర్థమైతే వాటంతటవే అర్థమవుతాయి. స్క్రీన్ రీడర్ అనేది స్క్రీన్ మీద ఉన్నదాన్ని గొంతుతోనో బ్రెయిల్ డిస్‌ప్లే మీద చుక్కలతోనో చెప్పే సాఫ్ట్‌వేర్. విండోస్‌లో జాస్, ఎన్‌వీడీఏ ఎక్కువగా వాడతారు, యాపిల్ పరికరాల్లో వాయిస్ ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ముందే ఉంటాయి. ఎన్‌వీడీఏ పూర్తిగా ఫ్రీ, మైఖేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు, ఇద్దరూ చూపు లేనివాళ్ళే, 2006లో మొదలుపెట్టారు. అంటే లెక్చరర్లు ఎవరైనా ఇవాళే దించుకుని తమ ఫైలు ఎలా వినపడుతుందో చూసుకోవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

దీన్ని వాడేవాళ్ళు పేజీని పైనుంచి కిందికి మొత్తం వింటారనుకుంటే పొరపాటు. చూపున్నవాళ్ళు పేజీ మీద కన్ను పరిచి కావాల్సిన చోట ఆగినట్టే వీళ్ళూ దూకుతూ వెళ్తారు. ఎన్‌వీడీఏలో హెచ్ కీ కొడితే తర్వాతి హెడింగ్‌కి వెళ్తుంది, టి కొడితే టేబుల్‌కి, కె కొడితే లింక్‌కి. పేజీలో ఉన్న లింకులన్నీ ఒక లిస్టుగా తెప్పించుకోవచ్చు కూడా. ఆ లిస్టులో "ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ క్లిక్ చేయండి" అని పద్నాలుగుసార్లు వినపడితే ఏది సిలబస్సో ఏది అసైన్‌మెంటో ఎలా తెలుస్తుంది? లింక్ మీద "రెండో యూనిట్ నోట్సు" అని రాస్తే అయిపోయేది.

హెడింగ్ సంగతీ అంతే. అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ చేసి, రంగు మారిస్తే అది కంటికి హెడింగ్‌లా ఉంటుంది, కానీ ఫైలు లోపల అది మామూలు పేరానే, హెచ్ కీ కొడితే అక్కడ ఏమీ దొరకదు. అరవై పేజీల నోట్సులో ఒక్క హెడింగ్ కూడా లేదంటే మొదటి లైన్ నుంచి వింటూ పోవడమే గతి. వర్డ్‌లో స్టైల్స్ అని ఉంటుంది, అందులో హెడింగ్ 1, హెడింగ్ 2 ఎంచుకోవడం అనేది బోల్డ్ బటన్ నొక్కినంత పనే. తర్వాత పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ లోకి వెళ్ళి ప్రింట్ టు పీడీఎఫ్ అని కొడితే ఈ హెడింగులు, టేబుల్ వరసలు, బొమ్మల వివరాలు చెప్పే ట్యాగులన్నీ పోతాయి, సేవ్ యాజ్ లోంచి పీడీఎఫ్ ఎంచుకుంటే ఉంటాయి. రెండు ఫైళ్ళూ కంటికి ఒకేలా ఉంటాయి కాబట్టి తేడా ఉందనే చాలామందికి తెలీదు, పైగా కష్టపడి వర్డ్‌లో అంతా సరిగ్గా చేసినవాళ్ళు కూడా ఆఖర్న ఈ ఒక్క క్లిక్కుతో మొత్తం పోగొట్టుకుంటారు.

అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది స్కాన్ చేసిన పీడీఎఫ్. పాత పుస్తకంలోంచి ఒక చాప్టర్‌ని ఫోటోలు తీసి పెట్టేస్తారు, పేజీ వంకరగా ఉంటుంది, మూల దగ్గర నీడ పడి ఉంటుంది, మధ్యలో ఎవరో పెన్నుతో గీసిన గీతలుంటాయి. అది అక్షరాలున్న ఫైలు కాదు, అక్షరాల ఫోటో. స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే డాక్యుమెంట్ ఖాళీగా ఉందని చెప్పి ఊరుకుంటుంది. ఫోటోలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్ చేస్తే అక్షరాలు వస్తాయి, కానీ రెండు కాలమ్‌లున్న పేజీని అడ్డంగా చదివి ఎడమ కాలమ్ లైన్‌ని కుడి కాలమ్ లైన్‌తో కలిపేస్తుంది, ఫుట్‌నోట్‌ని వాక్యం మధ్యలోకి తెస్తుంది, కాబట్టి ఓసీఆర్ చేశాక ఒక మనిషి చూడాల్సిందే. చాలాసార్లు అదే చాప్టర్ పబ్లిషర్ దగ్గరో లైబ్రరీ డేటాబేస్‌లోనో ఈపబ్ (ఈ-బుక్ ఫైలు) గానో వెబ్ పేజీగానో దొరుకుతుంది, స్కాన్ చేసే ముందు లైబ్రరీ వాళ్ళని ఒక మాట అడిగితే అందరికీ పని తగ్గుతుంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి కోడు) కాని పాత ఫాంట్లలో టైప్ చేసిన ఫైళ్ళది ఇంకో బాధ, స్క్రీన్ మీద అక్షరాలు చక్కగా కనపడతాయి, లోపల ఉన్నది మాత్రం వేరే అక్షరాల కోడు, కాబట్టి వినపడేదంతా అర్థం లేని శబ్దాలే.

పవర్‌పాయింట్‌లో ఇంకో రకం చిక్కు. రెడీమేడ్ లేఅవుట్‌లో ఉన్న బాక్సుల్లో రాయకుండా ఎక్కడ పడితే అక్కడ టెక్స్ట్ బాక్సులు పెడితే, స్క్రీన్ రీడర్ అవి స్లైడ్ మీద ఉన్న వరసలో కాకుండా వాటిని చేర్చిన వరసలో చదువుతుంది. ముందు జవాబు, తర్వాత ప్రశ్న, చివర్లో టైటిల్ వినపడటం మామూలే. సెలెక్షన్ పేన్ తెరిచి ఆ వరస సరిచేయొచ్చు. ఆ పేన్‌లో ఉన్న లిస్టుని స్క్రీన్ రీడర్ కింద నుంచి పైకి చదువుతుందని గుర్తుంటే చాలు.

బొమ్మకి మాటలు

ఆల్ట్ టెక్స్ట్ అంటే బొమ్మ కనపడనివాళ్ళకి బొమ్మ చెప్పే విషయాన్ని మాటల్లో ఇవ్వడం. దీనిమీద వచ్చే సలహాలు ఎక్కువగా "చిన్నగా రాయండి, వర్ణించండి" దగ్గర ఆగిపోతాయి, కానీ కోర్సు మెటీరియల్‌లో అసలు ప్రశ్న వేరే: ఈ బొమ్మ ఈ పాఠంలో ఎందుకుంది? మనిషి గుండె బొమ్మనే తీసుకుంటే, అనాటమీ క్లాసులో నాలుగు గదులు, వాల్వులు, రక్తం ఏ గది నుంచి ఎటు వెళ్తుందో చెప్పాలి. అదే బొమ్మ మెడికల్ ఇలస్ట్రేషన్ క్లాసులో ఉంటే గీతల మందం, రంగులు, షేడింగ్ గురించి చెప్పాలి. కోర్సు పేజీ పైన అందానికి పెట్టిన బొమ్మ అయితే ఏమీ చెప్పక్కర్లేదు, అలంకారం అని మార్క్ చేస్తే స్క్రీన్ రీడర్ దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది. ఈ తేడా లెక్చరర్‌కి తెలుస్తుంది కానీ టెక్నికల్ స్టాఫ్‌కి తెలీదు, ఆటోమేటిక్‌గా ఆల్ట్ టెక్స్ట్ రాసే సాఫ్ట్‌వేర్‌కి అసలే తెలీదు, అది "గుండె బొమ్మ" అని రాసి వదిలేస్తుంది. అందుకే ఈ పని పాఠం చెప్పేవాళ్ళే చేయాలి, వేరేవాళ్ళ మీదకి తోసేస్తే కుదరదు.

గ్రాఫులకి ఒక లైన్ సరిపోదు. ఆల్ట్ టెక్స్ట్‌లో గ్రాఫ్ దేని గురించి, ఏం చూపిస్తోంది అనేది ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి, కింద మామూలు టేబుల్‌లో అంకెలు ఇచ్చేస్తే చూపున్నవాళ్ళకి కూడా పనికొస్తుంది. క్విజ్‌లో బొమ్మ ఉంటే జాగ్రత్త, "ఈ మొక్క కణంలో ఏ భాగానికి బాణం గుర్తు ఉంది" అని అడిగి ఆల్ట్ టెక్స్ట్‌లో భాగం పేరు రాసేస్తే ప్రశ్న ఎందుకు, అలాగని "బొమ్మ" అని మాత్రమే రాస్తే జవాబు చెప్పడం ఎలా? బాణం చూపించే భాగం ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది, పక్కన ఏముంది అని చెప్పాలి. కొన్ని ప్రశ్నలకి ఇలా చెప్పడం కుదరదు, అలాంటప్పుడు ప్రశ్నే మార్చుకోవాలి, లేదా చేత్తో తడిమి తెలుసుకునే ఉబ్బెత్తు బొమ్మ ముందుగానే చేయించాలి.

లెక్కలు వచ్చేసరికి

సైన్సు, ఇంజినీరింగ్, ఎకనామిక్స్ కోర్సుల్లో చూపు లేని స్టూడెంట్స్ ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే, సబ్జెక్టు రాక కాదు, ఈక్వేషన్ చేరక. వర్గ సమీకరణం సూత్రాన్నే చూద్దాం. దాన్ని మాటల్లో చదివితే "మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ 4ఎసి బై 2ఎ" అని వస్తుంది. రూట్ ఎక్కడిదాకా ఉంది, బి స్క్వేర్ దగ్గరే ఆగిందా, 4ఎసి కూడా అందులోనే ఉందా? 2ఎతో భాగించేది మొత్తాన్నా లేక చివరి ముక్కనేనా? కళ్ళతో చూసేవాళ్ళకి రూట్ గీత పొడవు, భాగహారం గీత పొడవు చెప్పేస్తాయి, వినేవాళ్ళకి ఆ గీతలు లేవు. చాలా నోట్సుల్లో అయితే ఈక్వేషన్ ఒక ఫోటో, అప్పుడు ఇది కూడా వినపడదు, "ఇమేజ్" అని వినపడి ఊరుకుంటుంది.

దీనికి పరిష్కారం ఎప్పుడో వచ్చింది. మ్యాథ్‌ఎంఎల్ అనే పద్ధతి 1998లో ప్రమాణంగా వచ్చింది, ఈక్వేషన్‌లో ఏది దేని కింద ఉందో, ఏది దేని లోపల ఉందో అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. స్క్రీన్ రీడర్ దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి చెప్పగలదు, స్టూడెంట్ యారో కీలతో లవంలోకి వెళ్ళి, హారంలోకి దిగి, రూట్ లోపలేముందో విడిగా వినొచ్చు, లెక్కల కోసం చేసిన నెమెత్ బ్రెయిల్ కోడులో చుక్కలుగా కూడా చదువుకోవచ్చు. ఆ కోడుని అబ్రహాం నెమెత్ అనే చూపు లేని గణిత ప్రొఫెసరే తయారుచేశారు. బ్రౌజర్లు మాత్రం చాలా ఏళ్ళు ఆలస్యం చేశాయి, క్రోమ్‌లో మ్యాథ్‌ఎంఎల్ సరిగ్గా రావడానికి 2023 దాకా పట్టింది. ఇప్పుడు వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్‌తో రాసినా, లెక్కలున్న డాక్యుమెంట్లు తయారుచేసే లేటెక్‌లో రాసి, ఈక్వేషన్లని వెబ్‌లో చూపించే మ్యాథ్‌జాక్స్ ద్వారా వెబ్ పేజీగా పెట్టినా స్క్రీన్ రీడర్‌కి అందుతుంది. లేటెక్ నుంచి మామూలుగా తీసిన పీడీఎఫ్‌లో మాత్రం ఈ నిర్మాణం ఉండదు, కాబట్టి లేటెక్ వాడే డిపార్ట్‌మెంట్లు పీడీఎఫ్‌తో పాటు వెబ్ పేజీ కూడా పెట్టడం ప్రస్తుతానికి మంచిది.

వీడియోలు

ఆటోమేటిక్ క్యాప్షన్లు బాగా మెరుగయ్యాయి, కాదనలేం. కానీ మామూలు కబుర్లలో వంద మాటల్లో ఐదు తప్పొస్తే అర్థమైపోతుంది, పాఠంలో ఆ ఐదు సరిగ్గా టెక్నికల్ పదాలే అవుతాయి. నర్సింగ్ క్లాసులో హైపోగ్లైసీమియా అన్నచోట హైపర్‌గ్లైసీమియా అని పడిందనుకోండి, ఒకటి షుగర్ పడిపోవడం, రెండోది పెరిగిపోవడం, చేయాల్సిన వైద్యం పూర్తిగా రివర్స్. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా, క్యాన్, కాంట్ తేడా కూడా ఇలాంటివే. వినపడేవాళ్ళు తప్పు క్యాప్షన్ చూసి నవ్వుకుని వదిలేస్తారు, వినపడనివాళ్ళకి అది తప్పని తెలిసే దారే లేదు, అదే నోట్సులో రాసుకుంటారు. అందుకని ఆటోమేటిక్ క్యాప్షన్‌ని మొదటి డ్రాఫ్టుగా తీసుకుని ఆ సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఒకసారి సరిదిద్దాలి. లెక్చర్ ముందుగా రాసుకుని చదివేవాళ్ళకి ఆ రాసుకున్నదే క్యాప్షన్‌గా పనికొస్తుంది. పుట్టుకతో వినపడని కొందరికి మొదటి భాష సైన్ లాంగ్వేజ్, చదివే భాష వాళ్ళకి రెండోది, కాబట్టి క్యాప్షన్ పెట్టగానే వాళ్ళ విషయంలో పని పూర్తయిందని అనుకోకూడదు.

క్యాప్షన్ల విషయం ఎంత దూరం వెళ్ళిందో అమెరికాలో జరిగిన కొన్ని కేసులు చూస్తే తెలుస్తుంది. అక్కడి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ది డెఫ్ 2015లో హార్వర్డ్, ఎంఐటీల మీద కోర్టుకెళ్ళింది, ఫ్రీగా పెట్టిన ఆన్‌లైన్ పాఠాలకి క్యాప్షన్లు లేవు, ఉన్నవి తప్పుల తడకలు అని. హార్వర్డ్ 2019లో, ఎంఐటీ 2020లో రాజీకొచ్చి క్యాప్షన్లు ఇస్తామని ఒప్పుకున్నాయి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో కథ ఇంకోలా నడిచింది. పబ్లిక్‌గా పెట్టిన లెక్చర్లు వికలాంగులకి అందుబాటులో లేవని 2016లో అమెరికా న్యాయశాఖ తేల్చితే, యూనివర్సిటీ 2017లో 20,000కి పైగా ఆడియో, వీడియో ఫైళ్ళని పబ్లిక్‌కి కనపడకుండా తీసేసింది. చూశారా, యాక్సెసిబిలిటీ అడిగితే అందరికీ నష్టం అని అప్పట్లో చాలామంది అన్నారు. ఆ తప్పుని అడిగినవాళ్ళ మీద పెట్టడం అన్యాయం. ఏళ్ళ తరబడి క్యాప్షన్ లేకుండా ఒక్కోటి పెట్టుకుంటూ పోయి చివరికి ఒకేసారి ఇరవై వేలు సరిచేయాల్సి వస్తే ఎవరికైనా భారమే, మొదటి వీడియో రోజు నుంచీ చేసుంటే ఆ గుట్ట పేరుకునేదే కాదు. 2022లో బర్క్‌లీ న్యాయశాఖతో ఒప్పందానికొచ్చి ఆన్‌లైన్ కంటెంట్‌ని సరిచేయడానికి అంగీకరించింది.

చూపు లేనివాళ్ళకి వీడియోలో కష్టం వేరే. "ఇదిగో ఇక్కడ చూడండి, ఇది ఇలా వచ్చి దీంట్లో కలుస్తుంది, అప్పుడు ఇది పోతుంది" అని బోర్డు మీద చూపిస్తూ చెప్పే లెక్చర్ ఆడియో మాత్రమే వింటే ఏమర్థమవుతుంది? అదే "ఎడమవైపున్న డిమాండ్ కర్వ్ కుడివైపుకి జరిగితే సప్లై కర్వ్‌ని పైన కలుస్తుంది, అంటే ధర పెరిగింది" అని చెప్తే చాలు. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు, మాట్లాడే అలవాటు కొంచెం మార్చుకోవాలంతే. ఫోన్ చెవిలో పెట్టుకుని బస్సులో వినే స్టూడెంట్‌కి కూడా అదే లెక్చర్ పనికొస్తుంది.

రంగులు, పొడుగు పేరాలు

"ఎర్ర రంగులో ఉన్నవి పరీక్షకి ముఖ్యం" అనే నోట్సు వర్ణాంధత్వం ఉన్నవాళ్ళకి ఏమీ చెప్పదు, రంగుతో పాటు ఒక స్టార్ గుర్తో "ముఖ్యం" అనే మాటో ఉండాలి. అక్షరానికి బ్యాక్‌గ్రౌండ్‌కి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని ప్రమాణం, పెద్ద అక్షరాలకి 3కి 1 చాలు. కంటితో చూసి ఇది బాగానే ఉందనుకుంటే మోసపోతాం, హెక్స్ కోడ్ (కంప్యూటర్‌లో రంగుకి ఇచ్చే నంబరు) 777777 ఉన్న బూడిద రంగు తెలుపు మీద 4.48 వస్తుంది, ఫెయిల్, 767676 అయితే 4.54, పాస్. ఫ్రీ కాంట్రాస్ట్ చెకర్‌లో పెట్టి చూడటమే దారి.

డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళ సంగతి యాక్సెసిబిలిటీ చర్చల్లో చివర్న ఒక లైనుగా వస్తుంది, సంఖ్యలో మాత్రం వాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళలో చాలామంది టెక్స్ట్ టు స్పీచ్ పెట్టుకుని వింటూ చదువుతారు, కాబట్టి స్క్రీన్ రీడర్ కోసం సరిచేసిన ఫైలే వాళ్ళకీ అందుతుంది. దాంతోపాటు ప్రతి యూనిట్ పేజీ ఒకే తీరులో ఉండటం, డెడ్‌లైన్లన్నీ ఒకే చోట ఉండటం, గంటన్నర వీడియోని టాపిక్ వారీగా చిన్న ముక్కలు చేయడం వాళ్ళకి చాలా సాయం చేస్తాయి. ఒక లెక్చరర్ అసైన్‌మెంట్ తేదీని సిలబస్‌లో పెట్టి, ఇంకొకరు అనౌన్స్‌మెంట్‌లో పెట్టి, మరొకరు వీడియో మధ్యలో నోటితో చెప్పి వదిలేస్తే ఎవరికైనా తలనొప్పే, ఏకాగ్రత సమస్య ఉన్నవాళ్ళకి అది మార్కులు పోయే విషయం.

క్విజ్, పరీక్ష

నోట్సు కాస్త అటూఇటూగా ఉన్నా ఫ్రెండుని అడిగి నెట్టుకురావచ్చు, పరీక్షలో ఆ దారి కూడా ఉండదు, అందుకే లోపం ఉంటే అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడ. జతపరచండి ప్రశ్నని డ్రాగ్ చేసి డ్రాప్ చేసేలా పెడితే మౌస్ పట్టుకోలేనివాళ్ళు, చేయి వణికేవాళ్ళు, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు అందరూ అక్కడే ఆగిపోతారు, అదే ప్రశ్నని డ్రాప్‌డౌన్ మెనూతో అడిగితే పరీక్షించే విషయం ఏమీ మారదు. ప్రతి బటన్ ట్యాబ్ కీతో అందాలి, ప్రస్తుతం ఏ బటన్ మీద ఉన్నామో చుట్టూ గీతతో కనపడాలి, డిజైన్ బాగాలేదని ఆ గీతని తీసేసే సైట్లు చాలా ఉన్నాయి, దయచేసి తీయొద్దు. టైమర్ విషయంలో ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడిల్, క్యాన్వాస్ లాంటి సిస్టమ్స్‌లో ఒక్కో స్టూడెంట్‌కి విడిగా టైమ్ పెంచే సెట్టింగ్ ఉంది. కానీ చాలాచోట్ల ఆ సెట్టింగ్ ప్రతి క్విజ్‌కీ మళ్ళీ మళ్ళీ పెట్టాల్సి వస్తుంది, ఒక్కసారి మర్చిపోతే స్టూడెంట్ పరీక్ష మధ్యలో స్క్రీన్ మూసుకుపోయాక మెయిల్ పెట్టి బతిమాలుకోవాల్సి వస్తుంది. అంత తొందర అవసరం లేని క్విజ్‌లకి అసలు టైమర్ ఎందుకు అనేది కూడా ఆలోచించాల్సిన ప్రశ్నే.

కెమెరాతో కాపలా కాసే ప్రొక్టరింగ్ సాఫ్ట్‌వేర్ గురించి గట్టిగా చెప్పాల్సిన విషయం ఉంది. చూపు స్క్రీన్ మీద నిలవకపోతే, తల పక్కకి తిరిగితే, గదిలో గొంతు వినపడితే, కుర్చీలోంచి లేస్తే అనుమానం అని అది ఫ్లాగ్ చేస్తుంది. చూపు లేనివాళ్ళ కళ్ళు స్క్రీన్ మీద నిలవవు, టిక్స్ (తమ ప్రమేయం లేకుండా వచ్చే కదలికలు) ఉన్నవాళ్ళ తల కదులుతుంది, డిస్‌లెక్సియా ఉన్నవాళ్ళు ప్రశ్నని పైకి చదువుకుంటారు, కొందరికి మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళడం తప్పదు. లాక్ చేసే బ్రౌజర్లు కొన్ని స్క్రీన్ రీడర్‌ని కూడా బయటి ప్రోగ్రాం అని ఆపేస్తాయి. వాళ్ళ శరీరం మామూలుగా ఉండే తీరునే కాపీ కొట్టడంగా లెక్కేసే మెషీన్ ముందు కూర్చోబెట్టి, తర్వాత వివరణ ఇచ్చుకోమనడం ఏ రకంగా న్యాయం?

కొనే ముందు అడగాలి

లెక్చరర్ ఎంత జాగ్రత్తగా చేసినా, హోంవర్క్ సైటు, ల్యాబ్ సిమ్యులేషన్, ఈ-బుక్ ప్లాట్‌ఫామ్ బయటి కంపెనీవి అయితే వాటి లోపల లెక్చరర్ ఏమీ చేయలేరు. అక్కడ బాధ్యత కొనేవాళ్ళది. ప్రొడక్ట్ ఏ ప్రమాణాన్ని ఎంతవరకు పాటిస్తుందో చెప్పే రిపోర్ట్ ఇవ్వమని కంపెనీని అడగొచ్చు, ఆ రిపోర్ట్‌ని నమ్మి ఊరుకోకుండా కీబోర్డుతో, స్క్రీన్ రీడర్‌తో ఒక పాఠం, ఒక క్విజ్ చేసి చూడాలి, లోపాలు ఫలానా తేదీలోపు సరిచేస్తామని కాంట్రాక్టులో రాయించుకోవాలి. డబ్బులు కట్టేశాక అడిగితే వినే కంపెనీలు తక్కువ. ఒక లైను కోడ్ పెడితే సైటు మొత్తం యాక్సెసిబుల్ అయిపోతుందని చెప్పే ఓవర్‌లే విడ్జెట్లని అసలు నమ్మొద్దు, అవి స్కాన్ పీడీఎఫ్‌ని బాగు చేయవు, తప్పు క్యాప్షన్‌ని సరిదిద్దవు, చాలాసార్లు స్టూడెంట్ సొంత స్క్రీన్ రీడర్‌కే అడ్డొస్తాయి. ఇలాంటి మాటలు చెప్పి అమ్మినందుకే యాక్సెసిబీ అనే కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

ప్రమాణం అంటే ఎక్కువగా చెప్పేది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ కంటెంట్ యాక్సెసిబుల్‌గా ఉండటానికి రాసిన గైడ్‌లైన్స్. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ దీని మొదటి వెర్షన్‌ని 1999లో, 2.0ని 2008లో, 2.1ని 2018లో, 2.2ని 2023లో తెచ్చింది. ఇందులో ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు లెవెల్స్, చాలా దేశాల రూల్స్ డబుల్ ఏ అడుగుతాయి. పుస్తకాల కాపీరైట్ అడ్డుని తొలగించడానికి 2013లో మర్రకేష్ ఒప్పందం వచ్చింది, చూపు లేనివాళ్ళ కోసం, ప్రింట్ చదవలేనివాళ్ళ కోసం పుస్తకాన్ని బ్రెయిల్‌లోకో ఆడియోలోకో మార్చడానికి, ఒక దేశంలో మార్చినదాన్ని ఇంకో దేశానికి పంపడానికి అది వీలిచ్చింది. రూల్స్ ఉన్నంత మాత్రాన పని జరగదు. వెబ్ యాక్సెసిబిలిటీ మీద పనిచేసే వెబ్‌ఎయిమ్ సంస్థ 2024లో పది లక్షల సైట్ల హోమ్ పేజీలు ఆటోమేటిక్‌గా పరీక్షిస్తే 95.9 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి, అదీ మెషీన్‌కి కనపడే లోపాలే, ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో మెషీన్ చెప్తుంది కానీ అందులో రాసింది నిజమో కాదో చెప్పలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

పదేళ్ళ పాత ఫైళ్ళు వందల్లో ఉన్న కోర్సుని చూసి లెక్చరర్లు బెదిరిపోవడం సహజం, వాళ్ళకి టైమ్ ఇవ్వకుండా, ట్రైనింగ్ ఇవ్వకుండా మెమో ఒకటి పంపి "అన్నీ యాక్సెసిబుల్ చేయండి" అనే మేనేజ్‌మెంట్‌ది పెద్ద తప్పు. వరస పెట్టుకుంటే భయం తగ్గుతుంది. కొత్తగా చేసే ప్రతి ఫైలూ ఇవాళ్టి నుంచి సరిగ్గా చేయాలి, ఇది మొదటిది, ఎందుకంటే దీంతో గుట్ట పెరగడం ఆగుతుంది. తర్వాత వచ్చే సెమిస్టర్‌లో వాడబోయేవి, వాటిలో ముందు సిలబస్, పరీక్షలు, అందరూ తప్పనిసరిగా చదవాల్సినవి. ఎవరూ తెరవని పాత ఫైళ్ళని సరిచేయడం కంటే కోర్సు పేజీలోంచి తీసేయడమే నయం, సగం పని అక్కడే తగ్గుతుంది. వర్డ్, పవర్‌పాయింట్‌లో ఉన్న యాక్సెసిబిలిటీ చెకర్‌ని స్పెల్ చెక్ లాగా ప్రతిసారీ నడపాలి, అది అన్నీ పట్టుకోదు కానీ ఆల్ట్ టెక్స్ట్ మర్చిపోవడం, స్లైడ్‌కి టైటిల్ లేకపోవడం లాంటివి వెంటనే చెప్తుంది.

వికలాంగ విద్యార్థులతో పరీక్ష చేయించాలి, ఊరికే కాదు, మిగతా స్టూడెంట్ వర్కర్లకి ఇచ్చినట్టే డబ్బులిచ్చి. వాళ్ళు పది నిమిషాల్లో పట్టేది సాఫ్ట్‌వేర్ రిపోర్ట్ పట్టలేదు. ప్రతి కోర్సు పేజీలోనూ "ఏదైనా ఫైలు చదవలేకపోతే ఫలానావాళ్ళకి చెప్పండి" అని ఒక లైను, ఒక పేరు, ఒక మెయిల్ ఉండాలి, సర్టిఫికెట్ అడగకుండా. ఆ మెయిల్ వచ్చినప్పుడు ఆ ఒక్క స్టూడెంట్‌కి సరిచేసిన కాపీ పంపేసి పని అయిపోయిందనుకోకూడదు, కోర్సు పేజీలో ఉన్న ఒరిజినల్ ఫైల్నే మార్చాలి, వచ్చే ఏడాది అదే ఫైలు తెరిచే ఇంకో స్టూడెంట్ మళ్ళీ మెయిల్ పెట్టి ఎదురుచూడాల్సిన పని లేకుండా.